ద్రాక్ష కొయ్యలోని నల్లబూజు

నా పొరపాటు వల్ల మూడు ద్రాక్ష తీగలు ప్రాణంతో ఉండగానే నేలకూలాయి. ఆ సంగతి కచేరీ కాగితాలలో లేదు, నాతోనే పోతుంది. తప్పును దిద్దుకున్నంత మాత్రాన అది జరగనట్టు కాదు గనుక వ్రాసి ఉంచుతున్నాను.

అది యుద్ధకాలం. వరంగల్లులో మొక్కల తెగుళ్లను పరీక్షించే ఉద్యోగంలో కొత్తగా చేరాను. పరకాల దారిలో ఒక క్రైస్తవ వృద్ధుడు ఇరవై ద్రాక్ష తీగలను పందిరికెక్కించి సాకుతున్నాడు. ఆ ఏడాది కత్తిరింపు అయిన నెలకు కొమ్మలు ఒక్కొక్కటే ఎండసాగాయి. వేరుకుళ్లయితే తోటంతా పెరికి కాల్చవలసిందే. అది మట్టిలో పాకి పక్క తోటలకు చేరుతుంది. తెగులు కొమ్మల కొయ్యలోనే ఉంటే, చెడినంత మేర కోసివేస్తే తీగ తిరిగి చిగురిస్తుంది. రెంటిలో ఏదో తేల్చవలసినవాణ్ణి నేను.

ఎండిన కొమ్మల కొనలు కోసి తెచ్చి, తడి దూది పరచిన సీసాలో మూతపెట్టి ఉంచాను. మూడవనాటికి తెల్లని పోగులు అల్లుకున్నాయి. పుస్తకం ప్రకారం వేరుకుళ్లు బూజు తెల్లనిదే. వేళ్లు తవ్వి చూడకుండానే నివేదిక పంపాను. పెరికివేయమని ఉత్తరువు వచ్చింది.

కూలీలు గడ్డపారలతో దిగిన ఉదయం నేనూ వెళ్లాను. వృద్ధుడు అడ్డు నిలువలేదు.

"సారూ, మా గుడిల కోత పండుగకు మొదటి గుత్తులు ఈ పందిరివే. జర ఇంకోపారి సూడుర్రి," అన్నాడు.

"చూసే వ్రాశాను," అన్నాను.

మూడవ తీగ పడేసరికి అతని భార్య నా ఎదుటికి వచ్చింది. "ఏం జూసినవ్ సారూ? కోసిన కొనలకు మేం పేడ పూస్తం. పేడ పూసిన కొన తీస్కపోయి సీసల బెడితే బూజు రాక మల్లెపూలు పూస్తయా?"

"ఊకోవే, సారు సదువుకున్నోడు," అన్నాడు వృద్ధుడు.

"సదువుకున్నోల్లకు పేడ వాసన రాదా?"

కూలీలు నవ్వారు. పడి ఉన్న తీగ వేరును విరిచి చూశాను. పచ్చిగా, తడిగా ఉంది. కుళ్లు జాడ లేదు.

కూలీలను ఆపించి కచేరీకి పరుగెత్తాను. "నాలుగు దినాలు ఇస్తున్న," అన్నాడు పై అధికారి. "అయిదో దినం పొద్దుగాల బూజు పేరు నా మేజ మీద ఉండాలె. లేకుంటే గడ్డపారలు మల్ల దిగుతయ్."

ఈసారి పేడ అంటని చోట, ఎండిన కొయ్య పచ్చి కొయ్యను తాకే హద్దున కోశాను. అడ్డకోతలో గోధుమరంగు మచ్చ మేకులాగా నడిమి దాకా దిగి ఉంది. రెండు రోజులు సీసాలో మార్పు లేదు. మూడవనాడు బెరడు మీద నల్లని చుక్కలు లేచాయి. ఒకదానిని నీటిబొట్టులో చిదిమి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. లోపలి బూజు బీజాలకు రంగు లేదు. ఒక్కొక్కటి ఒకే గది, నడుమ గోడ లేదు. అటువంటివి ఎన్నో బూజులకుంటాయి. కలం ఎత్తి, దించాను. నాలుగవనాటి సాయంత్రం వెలుతురు తగ్గుతుండగా ముదిరిన బీజాలు దొరికాయి: ముదురు గోధుమరంగు, నడుమ ఒక అడ్డగోడ. కొయ్యలో బ్రతికే నల్లబూజు. అప్పటి పుస్తకాలలో దాని పేరు బోట్రియోడిప్లోడియా. మొదటి నివేదిక తప్పని రెండవదానిలో స్పష్టంగా వ్రాశాను. పడిన మూడు తీగల ఊసు మాత్రం అందులో చేర్చలేదు.

పదిహేడు తీగలను మచ్చకు దిగువ దాకా కోయించాను. ఒక తీగ ముగించి మరొకటి ముట్టే ముందు కొడవలిని నిప్పులో కాల్పించాను. చిగుళ్లు వచ్చాయి. ఆ మూడు గుంతలను పూడ్పిస్తానంటే వృద్ధుని భార్య ఒప్పుకోలేదు.

"ఉండనీ సారూ. నువ్వొచ్చినప్పుడల్లా కండ్లవడాలె."

ఆ బూజు పేరు తరువాత మారిందని విన్నాను. పేరులో గాని, బీజాల వర్ణనలో గాని నేను పొరబడి ఉంటే, తెలిసినవారు నా వయసు చూసి ఊరుకోక దిద్దండి. ఆమె ఊరుకోనందువల్లనే పదిహేడు మిగిలాయి.