యశ్వంతనగర్‌లో తెల్ల పంచె

ఒక సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకోవచ్చని, మనిషి తప్పు చేసే అవకాశమే లేదని (ముఖ్యంగా ఆ మనిషి నేనైతే) గట్టిగా నమ్మిన రోజులవి. సండూరులో మా చిన్నాయన ఫోటో స్టూడియోలో పనికి కుదిరి ఏడాది కూడా కాలేదు. మా నాన్నేమో గనుల దగ్గర లారీలు తూచే కాటాలో నాకొక గుమాస్తా ఉద్యోగం మాట్లాడిపెట్టి, ఈ ఫోటోల పిచ్చి ఎప్పుడు వదులుతుందా అని ఎదురుచూస్తున్నాడు. నాకు కెమెరా వదిలి కాటాలో కూర్చోవడమంటే ప్రాణం పోయినంత పని. అందుకని, యశ్వంతనగర్‌లో మా అత్త కూతురి పెండ్లి ఫోటోలు చిన్నాయన మొదటిసారిగా నా ఒక్కడి చేతిలో పెట్టినప్పుడు, మా చుట్టుపక్కల ఎవరూ తీయనట్టు తీసి చూపించాలని నిశ్చయించుకున్నాను.

తీశాను కూడా. ఒక్కటి మిగలకుండా అన్నీ రా ఫైళ్ళుగా తీశాను. కెమెరా తానే రంగులు దిద్ది ఇచ్చే మామూలు ఫోటో వండి వార్చిన అన్నమైతే, రా ఫైలు బియ్యం. ఇంటికి తెచ్చుకుని మనకు కావలసినట్టు వండుకోవచ్చు. ఇదంతా చిన్నాయనకు వివరిస్తే, "పెండ్లికి పిలిచి బియ్యం వడ్డిస్తారేందప్పా?" అన్నాడు. నేను జాలిగా నవ్వాను. (ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.) తీరా కార్డు పెడితే మా స్టూడియో కంప్యూటరు ఒక్క ఫోటో కూడా తెరవలేదు. చిన్నాయన కోప్పడలేదు. కాటా ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉండాదని మాత్రం చెప్పి, టీ తాగడానికి వెళ్ళాడు.

ఇక సాఫ్ట్‌వేర్‌ల వేట మొదలైంది. మొదట కెమెరా డబ్బాలో వచ్చిన సీడీ వెతికి దానిలోది ఎక్కించాను. ఫోటోలు తెరుచుకున్నాయి, నా ప్రాణం లేచివచ్చింది. తర్వాత రంగులు దిద్దడమెలాగో నేర్చుకోవడానికి ఇంటర్నెట్‌లో కన్నడం మాట్లాడే ఒకాయన వీడియో చూశాను. ఫోటోలో నీకు తెల్లనిదని తెలిసిన వస్తువు మీద నొక్కు, అదే తెలుపని సాఫ్ట్‌వేర్‌కు అర్థమై మిగతా రంగులన్నీ దాన్ని బట్టి సర్దుకుంటాయి, అన్నాడాయన. పెండ్లిలో తెల్లటి వస్తువుకేం కరువు? కన్యాదానం చేస్తున్న మామ కొత్త పంచె ఎదురుగా కనిపిస్తోంది. దాని మీద నొక్కాను. పెండ్లివాళ్ళంతా నీలంగా మారిపోయారు. పెండ్లికూతురు పాము కరిచినదానిలా ఉంది, పురోహితుడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ మంచిది కాదని తీర్మానించి రెండోది పట్టుకున్నాను. అది ఉచితంగా దొరికేది, విమానం నడిపేవాళ్ళ కోసం చేసినట్టు నిండా మీటలే. దాన్నీ పట్టు విడవకుండా నేర్చుకుని, పంచె మీద నొక్కాను. మళ్ళీ నీలం. మూడోది నెలనెలా అద్దె కట్టుకునే రకం, మొదట కొన్నాళ్ళు ఊరికే వాడుకోనిస్తుంది. దాన్ని ఎక్కించేసరికి మా కంప్యూటరు పిండిమర లాగా అరవడం మొదలుపెట్టింది. అరిస్తే అరవనీ అని అందులోనూ పంచె మీదే నొక్కాను. అదే నీలం. ప్రపంచంలో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళెవరికీ రంగులు తెలియవన్న నిర్ణయానికి వచ్చి, నాలుగోదాని కోసం వెతుకుతూండగా మా అత్త బస్సు దిగి నేరుగా స్టూడియోకు వచ్చింది. కూతురు తెక్కలకోటకు కాపురానికి వెళ్ళిపోయింది, ఇల్లు బోసిగా ఉంది, ఫోటోలన్నా చూసుకుంటానంది.

చిన్నాయన గల్లా దగ్గర కూర్చుని అంతా వింటున్నాడు. ఇంకా పూర్తి కాలేదని ఎంత చెప్పినా వినకుండా ఆమె కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. నీలం కూతురు, నీలం అల్లుడు, నీలం మొగుడు. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను. అత్త మాత్రం కూతురిని చూడటం లేదు. తెర మీద వేలు పెట్టి మెల్లగా అడిగింది.

"ఇది మీ మామ పంచేనా?"

అవునన్నాను.

"ఇంత తెల్లగా ఉండాది గదప్పా. ఏం సోపు ఏసినావు?"

కొత్త బట్ట ఒకసారి తడిపి ఆరేయనిదే కట్టుకోకూడదని మామకు పట్టింపు. పెండ్లికి ముందు అత్త ఆ పంచె తడిపి ఆరేసిందట, ఇంటి ముందు నుంచి ఇనుప ఖనిజం లారీలు దుమ్ము రేపుకుంటూ పోయాయట, మళ్ళీ ఉతికిందట, మళ్ళీ పోయాయట. ఆమె చెబుతూ ఉంటే నేను పక్కనే తెరిచి ఉన్న అసలు ఫోటో వైపు చూశాను. పంచె ఎర్రగా ఉంది. మొదటి నుంచీ ఎర్రగానే ఉంది. అదే గనుల ఎర్ర దుమ్ములో, మా ఊరు తారానగర్‌లో పుట్టి పెరిగిన నా కంటికి అదే తెలుపు. చొక్కాలు, గోడలు, పాఠశాల జెండాలో మధ్య పట్టీ, అన్నీ ఆ తెలుపే కదా నేను చూసింది. ఎర్రటిదాన్ని చూపించి ఇదే తెలుపని నేను చెబితే, పాపం మూడు సాఫ్ట్‌వేర్‌లూ నా మాట నమ్మి, పెండ్లి మొత్తంలో ఎరుపు పీకేశాయి.

అప్పటికప్పుడు బంతి భోజనాల ఫోటో తెరిచి, విస్తరి మూలన అప్పుడే వడ్డించిన ఉప్పు మీద నొక్కాను. మనుషులకు రక్తం వచ్చింది. అదే సవరణ మిగతా ఫోటోలకూ వేశాను. పెండ్లికూతురి ముఖాన పసుపు పసుపుగా, కాళ్ళ పారాణి పారాణిగా మెరిసింది. అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చిన్నాయన లేచి వచ్చి చూసి, "ఆయ్తు బిడు", అయిందిలే పో, అని కన్నడంలో మాత్రం అన్నాడు. ఆయన నోట అది పెద్ద సన్మానమే. నా కాటా ఉద్యోగం ఆ మాటతో పోయింది.

కానీ మామ పంచె మళ్ళీ ఎర్రబడింది. అత్త దాన్ని కాసేపు చూసింది.

"పిల్ల ఫోటోలన్నీ ఇట్లే చెయ్యప్పా. మీ మామది ఒక్కటి మాత్రం ఇందాకటిదే పెద్దది చేసియ్యి. ఆ ఊరికి కాపురానికి పోయినప్పట్నుంచి ఉతుకుతానే ఉండా. ఒక్కతూరన్నా తెల్లగా చూసుకుంటా."

చేసిచ్చాను. వాళ్ళ నడవలో ఇప్పటికీ ఉంది, నీలం ముఖంతో మామ, మల్లెపువ్వులాంటి పంచె. అప్పుడది చెడిపోయిన ఫోటో అని చాటుగా సిగ్గుపడ్డాను. ఆ తర్వాత ఎన్నో సాఫ్ట్‌వేర్‌లు మార్చాను, రంగులు బాగా దిద్దుతానని పేరు కూడా వచ్చింది. అయినా ఎవరైనా ఇంటికొస్తే అత్త ఆ ఫోటో చూపించి, ఇది చేసింది వీడేనని నన్ను ముందుకు తోస్తుంది. ఆ మొండి కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. వాడు తెలియక ఇచ్చినంత సంతోషం, ఇంత తెలిసిన నేను మళ్ళీ ఎవరికైనా ఇవ్వగలిగానా అని కాస్త బెంగగానూ ఉంటుంది.