ఒక్క ఓటు అన్నయ్యగారు

మా కింది వాటా అన్నయ్యగారు ఏ లెక్కనూ ఒక్కసారికి ఒప్పుకోరు. ఆయనది మేకులు, స్క్రూల దుకాణం. డజను స్క్రూలకని వెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టాలి. మా వాటాకు వచ్చినా ముందు పలకరింపు ఉండదు. గుమ్మంలో నిలబడి, "పద్దెనిమిది మెట్లేనా చెల్లెమ్మా?" అంటారు. పద్దెనిమిదే అన్నానా, "ఎందుకైనా మంచిది" అని దిగి మళ్ళీ ఎక్కుతారు.

అలాంటి మనిషి వార్డు ఎన్నికల్లో నిలబడి ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఇక చూసుకోండి.

"ఒక్క ఓటంటే అది ఓటమి కాదు, లెక్కపెట్టినవాడికి తుమ్మొచ్చింది," అన్నారు. మళ్ళీ లెక్కపెట్టించారు. అదే ఒకటి. "చూశారా, ఇద్దరూ ఒకే చోట తుమ్మారు!" అని మూడోసారికి అర్జీ పెట్టారు. ఐదు నెలలు గడిచాయి. గెలిచిన టైలరమ్మ కుర్చీలో కూర్చోలేదు, మా వీధి దీపం వెలగలేదు.

సెలూన్ అతను కత్తెర పట్టుకుని వీధిలోకే వచ్చేశాడు.

"బాబాయ్‌గారూ, ఆ ఒక్క ఓటూ నాదే అనుకోండి. నాలుగు తన్నండి. లైటు మాత్రం వేయించండి!"

"ఇంతకీ నువ్వెవరికి వేశావు?"

"మీకే!"

"బాగా ఆలోచించుకుని మళ్ళీ చెప్పు."

మా ఆయన పార్సిల్ ఆఫీసు గుమాస్తా. ముప్పై ఏళ్ళు రసీదుల మీద సంతకాలు చేసి చేసి, కంటబడ్డ కాగితాన్ని వదిలేవారు కాదు. నేను రాసిన సరుకుల చీటీ కింద కూడా తోక సాగదీసి ఓ సంతకం. "నీ ఓటు నాకేగా?" అని అన్నయ్యగారు అడిగితే, "ఇంకెవరికిరా!" అన్నారు. ఆదివారం ఓటేసి వచ్చారు. బుధవారం పోయారు. శుక్రవారం లెక్కింపు. గుమ్మం దాటి ఆయన చేసిన ఆఖరి పని ఆ ఓటే.

అందుకే, "పోయినవాళ్ళ ఓట్లు ఈసారి తీసేస్తారటమ్మా," అని సెలూన్ అతను అన్నప్పుడు నాకు అన్నం సయించలేదు. అన్నయ్యగారిని అడిగాను.

"వేసిన రోజు బతికే ఉన్నాడుగా. ఆ ఓటు ఎక్కడికీ పోదు," అన్నారు.

మళ్ళీ కనుక్కుంటానని అనలేదు. అదే నాకు వింతగా తోచింది.

మూడో లెక్కింపుకు ఆయన తరఫున కూర్చునేవాళ్ళు కరువయ్యారు. తమ్ముడు పంటినొప్పి అన్నాడు. బావమరిది ఫోనే తీయలేదు.

"నువ్వు రా చెల్లెమ్మా, ఏజెంటుగా."

"నేను చదివింది ఐదో తరగతి అన్నయ్యగారూ."

"కళ్ళున్నాయిగా. చాలు."

మా ఆయన పోయాక నన్ను ఎవరైనా ఎక్కడికైనా రమ్మని పిలవడం అదే మొదలు. ఇస్త్రీ బట్టలు తీసి కట్టుకున్నాను.

ఓటు కాగితం మీద సంతకం ఉంటే చెల్లదని అధికారి ముందే చదివి వినిపించాడు. తర్వాత అన్నయ్యగారు ప్రతి కాగితానికీ లేచారు. "ఇది మడత దగ్గర చిరిగింది!" "ఈ ముద్ర వంకర!"

"ఇది మీకు పడిన ఓటేనండీ," అన్నాడు అధికారి.

"అయినా వంకరే!"

సాయంత్రం కావస్తుండగా టైలరమ్మ కట్టలోంచి ఒక కాగితం వచ్చింది. ముద్ర ఆవిడ గుర్తు మీదే ఉంది. కింద మూల, తోక సాగిన సంతకం.

మా సరుకుల చీటీల కింద చూసిన సంతకమే. అది కొట్టేస్తే ఇద్దరూ సమానం. చీటీ తీస్తారు. ఐదు నెలలుగా అన్నయ్యగారు వెతుకుతున్న ఒక్క ఓటు అదే.

"ఈ మూల ఏదో ఉంది. అభ్యంతరమా?" అన్నాడు అధికారి.

అన్నయ్యగారు లేవలేదు. "సిరా మరకలా ఉంది. మా ఏజెంటును కూడా చూడనివ్వండి."

కాగితం నా ముందు పెట్టారు. చాలాసేపు చూశాను. ఆ తోక చివర మా ఆయన చిన్న చుక్క కూడా పెట్టారు, ఎప్పటిలాగే.

"మరకే," అన్నాను.

"మళ్ళీ చూస్తారా?" అన్నాడు అధికారి ఆయనతో, అలవాటు కొద్దీ.

"ఒకసారి చాలు."

ఆ మాటకు లక్క కరిగించి సీలు వేస్తున్నతను వేలు కాల్చుకున్నాడు. అన్నయ్యగారు మళ్ళీ ఒక్క ఓటుతోనే ఓడిపోయారు.

దారిలో అడిగాను. "మీరు ముందే చూశారా?"

"మొదటి లెక్కింపులోనే."

"మరి ఇన్నిసార్లు ఎందుకు?"

"రెండోసారి నా పిచ్చి కొద్దీ. మూడోసారి... ఆ కాగితాలు తర్వాత తగలబెట్టేస్తారట. ఈలోగా నీకోసారి చూపిద్దామని." కాసేపు నడిచి, ఉండబట్టలేక అన్నారు. "నా టీ తాగుతూ నాకే వేస్తానన్నాడు, దొంగ వెధవ!"

"మీరు గెలిస్తే దీపం వేయకుండా స్తంభాలు లెక్కపెడుతూ కూర్చుంటారని మా ఆయన భయపడి ఉంటారు."

ఆయన పకపకా నవ్వారు. ఐదు నెలల తర్వాత నేనూ నవ్వాను.

నాతో పాటు పైదాకా వచ్చారు. తాళం తీశాను. లోపల రెండు కుర్చీలు, బోర్లించిన ఒక్క గ్లాసు.

"పద్దెనిమిది," అన్నారు తృప్తిగా. "వస్తాను చెల్లెమ్మా."

"పంతొమ్మిది అన్నయ్యగారూ," అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు.

"నాకూ అనుమానంగానే ఉంది," అన్నారు. "పద, మళ్ళీ లెక్కపెడదాం."