పోటు నీళ్ల దగ్గర పిలిచిన పేరు

మా తోటికోడలు మొగుడి పేరు నోట పలికేది కాదు. రేషను అంగడిలో అడిగినా నన్ను చూపించి, "మా అక్కను అడగప్పా" అనేది. మా మరిదికి మతిమరుపు ముదిరి ఇంటిదారి మరిచిపోయాక కూడా ఆయన్ను "ఇదో" అనే పిలిచేది.

పోయిన సంవత్సరం, దుబారా అని నేను గొణిగినా వినకుండా, గుడియాత్తం నుంచి వ్యాను మాట్లాడుకుని సముద్రం పక్కనున్న పక్షుల చిత్తడి నేలకు పోయాం. రెల్లు మధ్య నడకదారిలో ఆమె చెప్పు సరిచేసుకుని తలెత్తేసరికి ఆయన లేడు. పోటు మొదలై, దారికి రెండు పక్కలా బురదగుంటలు నిండుతున్నాయి.

"ఇదో! ఇదో, యాడుండావు?" అంటూ ఆమె అటూ ఇటూ పరిగెత్తింది.

"ఇదో అంటే కొంగలు పలకాలా? పేరు పెట్టి పిలువు మే!" అని కసిరాను.

ఆమె తాళిని గుప్పిట పట్టుకుంది. కళ్లు మూసుకుని ఆ పేరు అరిచింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గొంతు పోయి గాలి మాత్రమే వస్తున్నా ఆమె పిలుస్తూనే ఉంది.

చివరికి అక్కడి కాపలాదారు ఆయన్ను చెయ్యి పట్టుకుని తెచ్చాడు. మోకాటి లోతు నీళ్లలో, మాకు దగ్గరలోనే, రెల్లు చాటున నిలబడి ఉన్నాడట.

"అంత అరిస్తే యాల పలకలేదు నాయనా?" అన్నాను.

"ఎవురినో పిలస్తా ఉండారు కదమ్మా," అన్నాడు మా మరిది. "పాపం, ఆయప్ప దొరికినాడా?"

మా తోటికోడలు వంగి, ఆయన కాళ్ల బురదను కొంగుతో తుడుస్తూ, "ఇంకా లేదు" అంది.