పండగపూట పెద్ద ఎలుక

సాబ్ చెప్పిన లెక్క ఒక్కటే. పాము ఒంట్లో బాగా లావున్న చోటు చూడు, ఎలుక అంతకు మించకూడదు. పది రోజులకు ఒకటి. చంపి పెట్టు, బతికున్నదైతే పామునే కొరుకుతుంది. తిన్నాక నాలుగు రోజులు పామును ముట్టుకోకు. ఇదంతా హిందీలో రెండుసార్లు చెప్పి, నా బొటనవేలు పట్టుకుని కొలత కూడా చూపించి, నెల రోజుల సెలవు మీద వాళ్ల దేశం పోయాడు.

డెబ్భైల చివరి సంగతి ఇది. ఒమన్ దేశంలో సలాలా దగ్గర రైసూత్‌లో పోర్టు పని. సిమెంటు బస్తాలు మోసి మోసి నా నడుము పోతే, ఇంజనీరు సాబ్ జాలిపడి తన బంగళాలో ఊడ్చే డ్యూటీ ఇప్పించాడు. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు. అద్దాల పెట్టెలో మూరెడు పొడవు ఇసుకపాము ఉండేది, విషం లేనిది. దానికేమైనా అయితే నేను మళ్లీ బస్తాల కిందికే. ఆ నడుముతో ఇంకో బస్తా ఎత్తితే మంచాన పడతానని నాకు తెలుసు. ఆ భయంతోనే దాన్ని రోజుకు పదిసార్లు చూసుకునేవాణ్ణి.

ఎలుకపిల్లల్ని మెస్‌లో వంట చేసే అన్న తెచ్చేవాడు. మా జిల్లావాడే, నాకంటే పదేళ్లు పెద్ద. పిండి బస్తాల వెనక గూళ్లు వెతికి, రేకు డబ్బాలో వేసి తెచ్చి ఇచ్చేవాడు.

వాటిని చూస్తే నాకు ఒళ్లు మండేది. పది రోజులకు ఈ వేలెడంత తిండా? సాబ్ ఒట్టి పిసినారి అనుకున్నాను. అర్ధాకలితో పెరిగినవాణ్ణి, విస్తట్లో తక్కువ వడ్డిస్తే ఇప్పటికీ సహించలేను.

నాగుల పంచమి వచ్చింది. బయట అక్కడి వానాకాలపు జల్లు, పొగమంచు. పుట్ట కోసం ఎక్కడని తిరుగుతాం? ఇంట్లోనే నాగన్న ఉండగా పుట్ట ఎందుకనుకున్నాను. అన్న ఎప్పటిలాగే చిన్న పిల్లను తెచ్చాడు. దాన్ని పక్కన పెట్టేసి, మెస్ వెనక నేను పెట్టిన బోనులో పడ్డ బలిసిన ఎలుకను చంపి వేశాను. పండగపూట దేవుడికి చిన్నది పెడతామా? పాము దవడలు సాగదీసి, చాలాసేపు అవస్థపడి మింగింది. పొట్ట దగ్గర చర్మం పిగిలిపోయేలా ఉంది. నాకు మాత్రం మహా తృప్తిగా ఉంది. దాన్ని బయటికి తీసి తలకు పసుపు, కుంకుమ పెట్టబోయాను.

"వద్దు తమ్మీ, తిన్నంక ముట్టొద్దన్నడు గద సాబ్," అన్నాడు అన్న. ఆయన గడప దాటలేదు, అక్కడే చేతులు జోడించి నిలబడ్డాడు.

"దేవునికి మొక్కుతె ఏం గాదే అన్నా," అంటూ బొట్టు పెట్టేశాను.

మర్నాడు పాము ఆ ఎలుకను కక్కేసింది. బంగళా అంతా కంపు. మూడో రోజు పాము చచ్చిపోయింది. దాన్ని గుడ్డలో చుట్టి ఇసుకలో పూడ్చాను. సాబ్ వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు.

ఆయన వచ్చి ఖాళీ పెట్టె చూసి, తిన్నది కక్కి చచ్చిందని నేను చెబితే, ఎంత ఎలుక పెట్టావని అడిగాడు. నేను పెట్టలేదన్నాను. నేను లేనప్పుడు మెస్ అన్న వచ్చి, పండగని పెద్ద ఎలుకను వేశాడు, బయటికి తీసి పూజ చేశాడు అని చెప్పాను. నోరు కొంచెం కూడా తడబడలేదు. సాబ్ అన్నను పిలిచి అడగనైనా లేదు. ఆఫీసుకు కాగితం రాసేశాడు.

వారంలో అన్న వీసా కేన్సిల్ చేశారు. ఆయన వచ్చి ఏడాది కూడా కాలేదు. కంపెనీ బండి దగ్గర ట్రంకు పెట్టె పట్టుకుని నిలబడి ఉంటే, సాయం చేసే వంకతో దగ్గరికి పోయి దాన్ని అందుకున్నాను. ఆయన నా చేతిలోంచి పెట్టె లాక్కుని తనే బండి మీదికి ఎత్తుకున్నాడు.

"నువ్వు బరువు లేపకు," అన్నాడు. "నాకో మాట జెప్తే నేనే ఒప్పుకుంటుంటి గదరా."