వాన మీద వాదన గెలిచిన రోజు

ఒక వాదన గెలిచి, అదే పూట ఇంటి పసుపంతా వానపాలు చేసిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూస్తున్నారు. ఆ ఘనకార్యం జరిగి కొన్నేళ్లయింది. ఇప్పటికీ మా వాడలో మబ్బు పడితే జనం ఆకాశం వంక కాకుండా నా వంక చూస్తారు.

మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. మెట్‌పల్లిలో నాకు జిరాక్సు దుకాణం ఉంది. జిరాక్సు నా వృత్తి, ఎదురు చెప్పడం నా వ్యసనం. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరేది పెట్టినా కాదనడం నా బాధ్యత అనుకునేవాణ్ణి. బోరు మోటారుకు ఫోన్‌లో యాప్ మంచిదని ఒకరంటే, అది కంపెనీల కుట్ర అనేవాణ్ణి. ఇంకొకరు కుట్ర అంటే, ఇలాంటి వాళ్ల వల్లే ఊరు వెనకబడింది అనేవాణ్ణి. సిగ్నల్ పోతే పాత సర్కారును తిట్టేవాణ్ణి. ఎవరైనా నాతో కలిసి తిడితే వెంటనే కొత్త సర్కారు మీదికి మళ్లేవాణ్ణి. ఇంతకీ నాది ఏ పక్షమో నాకే తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు, అడిగితే దాని మీద ఇంకో గంట వాదిస్తానని భయం.

గ్రూపులో నాకు సరిజోడు రాజలింగం బావ. మా అక్క పెనిమిటి, మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. అక్కడ కూర్చుని ఫోన్‌లో మా ఊరి వాతావరణం చూసి మాకు చెప్పడం ఆయనకో సరదా.

ఆ ఏడు ఎండలు మొదలయ్యే వేళ పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఊరి బయట కల్లంలో ఆరబోశాం. మా నాన్న, అదే మా బాపు, అక్కడే మంచం వేసుకుని కాపలా ఉన్నాడు. అది ఏడాది పంట. ఆరిన కొమ్ము మీద వాన పడితే రంగు పోతుంది, మార్కెట్లో ఎవరూ చేయి పెట్టరు. అలాగని తాడిపత్రి, అంటే ప్లాస్టిక్ పట్టా, ఎప్పుడూ కప్పి ఉంచితే ఉక్కకు బూజు పడుతుంది. కప్పాలా, తీయాలా అన్నదే ఆ రోజుల్లో మాకు అన్నిటికన్నా పెద్ద రాజకీయం.

ఆ పొద్దున బావ గ్రూపులో పెట్టాడు.

"ఇయ్యాల మాపటికి మన దిక్కు వానున్నది. పసుపు కప్పుకోండ్రి."

చదవగానే నా వేళ్లు దురద పెట్టాయి.

"మస్కట్ల కూసొని మెట్‌పల్లి మబ్బుల సంగతి నువ్వెట్ల చెప్తవ్ బావా? గీడ ఎండకు మాడు పగులుతున్నది."

"నేను చెప్తలేను బామ్మర్దీ, యాప్ చెప్తున్నది."

"గా యాప్ తాడిపత్రిలు అమ్మేటోళ్లే చేయించిండ్రు కావొచ్చు."

నవ్వు బొమ్మలు వరుసగా పడ్డాయి. దాంతో నాకు పూనకం వచ్చింది. వాతావరణ సూచనలన్నీ బూటకమనీ, రైతును భయపెట్టడానికే సర్కారు వాటిని వాడుకుంటోందనీ ఒక వ్యాసమే రాసి పెట్టాను.

అప్పుడే బాపు ఫోన్ చేశాడు. ఆయనది బటన్ల ఫోన్. అందులో గ్రూపులుండవు, కొడుకు గొంతు మాత్రమే ఉంటుంది.

"గంగాధర్, అందరు వానంటున్నరు గదరా. కప్పుదునా?"

"వాన లేదు, గీన లేదు బాపూ. మంచిగ ఆరనీయ్."

"నువ్వు చెప్పినంక ఇగ ఫికరేంది," అని పెట్టేశాడు.

మధ్యాహ్నం భోజనం వేళకు బావ నన్ను కోలుకోలేని దెబ్బ కొట్టాడు.

"నువ్వన్నదే నిజం బామ్మర్దీ. మల్ల జూసిన, యాప్ల వాన తీసేసిండ్రు. ఎండే ఉన్నది. నాదే తప్పు."

తప్పు ఒప్పుకున్నాడు. మా గ్రూపులో అలాంటి దుర్ఘటన అంతకు ముందు జరగలేదు. నాకు ఏం చేయాలో తోచలేదు. దుకాణంలో అటూ ఇటూ తిరిగాను. ఎవరిదో ఆధార్ కార్డును రెండు వైపులా తీయమంటే ఒకే వైపు రెండుసార్లు తీశాను. గెలిచావు కదా, ఊరుకోవచ్చు కదా అని మీరంటారు. ఎలా ఊరుకుంటాను? ఇప్పుడు యాప్ కూడా వాన లేదంటోంది. అంటే నేనూ, బావా, యాపూ ఒకే పక్షం. అది నేను భరించగలనా?

బయటికొచ్చి చూశాను. పడమటి దిక్కున అరచేతంత మబ్బు కనిపించింది. నాకు అది చాలు.

"ఎండెట్లుంటది బావా? గాలి మర్లింది, మబ్బు పట్టింది. పొద్దుగాల ఒకటి, పగటికి ఒకటి చెప్పే యాపును నమ్మి రైతులు ఆగమైతున్నరు. అందరు పసుపు కప్పుకోండ్రి. వాన గ్యారంటీ."

"పొద్దుగాల లేదన్నది నువ్వే గదా?"

"పొద్దుగాల ముచ్చట పొద్దుగాలకే. మనిషన్నంక గాలిని బట్టి మాట్లాడాలె."

ఇది రాసింది నేనే. ఇప్పుడు చదివితే నాకూ అర్థం కాదు. కానీ అన్నిటినీ కాదనేవాడు ఒకదాన్ని ఔనన్నాడంటే ఏదో ఉందని ఊరు నమ్మింది, కల్లానికి ఉరికింది.

అక్కడ జరిగింది నాకు తర్వాత తెలిసింది. మా పక్కనే పసుపు ఆరబోసిన మల్లేశం, బాపు దగ్గరికి వచ్చాడట.

"కాకా, వానస్తదట. మీ గంగాధరే పెట్టిండు."

బాపు నవ్వాడట. "నాకు నోటితోని చెప్పిండురా, రాదని. నా కొడుకు నాకొకటి, మీకొకటి చెప్తడా?"

"అయితే నీ తాడిపత్రి నాకియ్యి కాకా. నాది చాలుతలేదు."

"తీస్కపో. నాకేం పని దానితోని."

సాయంత్రానికి వాన దంచి కొట్టింది. నేను దుకాణం ముందు రేకుల కింద నిలబడి, "చెప్పిన్నా, లేదా?" అని గ్రూపులో పెట్టాను. దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఈసారి వార్డు మెంబరుగా నిలబడమని ఒకరు రాశారు. వానలో తడుస్తూనే పెళ్లికొడుకులా బండి మీద ఊరికి వెళ్లాను.

కల్లంలో అందరి పసుపూ భద్రంగా ఉంది, మాది తప్ప. మా తాడిపత్రి మల్లేశం పసుపు మీద బిగించి కట్టి ఉంది. తలమీద తువ్వాల వేసుకుని బాపు మంచం మీద కూర్చున్నాడు. పచ్చటి నీళ్లు కాలువ కట్టి నా చెప్పుల కిందికి వచ్చాయి.

అయినా నా నోరు ఆగలేదు. "బావదే తప్పు బాపూ. ఆయన నడుమ ఒప్పుకోకపోతే నేను మాట మార్చకపోదును."

బాపుకు అర్థం కాలేదు. యాప్‌ది తప్పన్నాను. సర్కారుది తప్పన్నాను, ఏ సర్కారో చెప్పలేకపోయాను. ఇక మిగిలింది మల్లేశం. అతని వంక చూసేసరికి పాపం గబగబా మా తాడిపత్రి ముళ్లు విప్పబోయాడు.

"ఉండనీయ్‌రా," అన్నాడు బాపు. "నీదన్న మంచిగుండనీ."

తర్వాత నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. ఉంటే దానికి ఏదో ఒక ఎదురు మాట చెప్పేవాణ్ణి.

"ఊరందరికి వానస్తదని చెప్పినవట. నాకెందుకు చెప్పలే?"

"నువ్వు గ్రూపుల లేవు గదా బాపూ."

"గ్రూపుల లేను. ఇంట్లున్న గదరా."

ఆ మాటను ఎటు తిప్పి చూసినా కాదనడానికి సందు దొరకలేదు. మర్నాడు ఎండ కాసింది, మళ్లీ ఆరబోశాం, కానీ పోయిన రంగు రాలేదు.

అందుకే ఇదంతా చదివిన మీ సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు నేను ఏ విషయంలో మాట మార్చినా సరే, ముందు ఇంట్లో మార్చి, ఆ తర్వాతే గ్రూపులో మారుస్తాను.