తొమ్మిది రాజ్యాల నవలకు ముందుమాట

మా అక్క భర్త గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒక పెద్ద నవల రాశాడు. తొమ్మిది రాజ్యాలు, ఎగిరే ఏనుగులు, నీళ్ళ కింద కోట, చివర మహాయుద్ధం. అచ్చుకు ఇచ్చేముందు నా చేతిలో పెట్టి ముందుమాట రాయమన్నాడు.

రోజూ పొద్దున్న టిఫిన్ అయ్యాక కొంత చదివి, చదివినంతా డైరీలో ఎక్కించేవాణ్ణి. కథ బాగానే ఎక్కింది. మనుషుల మాటల దగ్గరే చెయ్యి ఆగింది. రాజు, మంత్రి, రాక్షసుడు, రాక్షసుడి తల్లి, ఎవరు నోరు విప్పినా ఒకేలా ఉంది. ఏనుగు ఎగరడం నమ్మాను గాని, కొడుకు చచ్చిన తల్లి 'నా హృదయము శోకసంద్రమైనది' అనడం నమ్మలేకపోయాను.

కాగితాల కట్ట పట్టుకుని శ్రీకాకుళంలో బస్సెక్కాను. గరివిడిలో బావ గుమ్మంలోనే అడిగాడు.

"ముందుమాట తెచ్చీసేవేటి?"

"ముందు ఇది ఇను బావా. ఎవరన్నారో సెప్పు." పేరు చెప్పకుండా ఒక మాట చదివాను.

"రాజు."

"కాదు, రాచ్చసుడు."

ఇంకొకటి చదివాను. "మంత్రి" అన్నాడు. అది రాక్షసుడి తల్లి మాట.

వంటింట్లోంచి అక్క నవ్వింది. "అందరూ శుభలేఖ సదివినట్టు మాటాడతన్నారేట్రా తమ్ముడూ! నా మీద అరిసినప్పుడు ఈయన ఇలగ అరవడే!"

"నువ్వూరుకోయే. పుస్తకంలో ఏటి, గీటి అని రాస్తే నవ్వుతారు. ఫ్యాక్టరీలో నా మాటకి ఎంతమంది నవ్వీవారో నీకు తెల్దేటి?"

తెలుసు. వేరే జిల్లాల ఆఫీసర్ల ముందు ఆయన చాలా ఏళ్ళు సగం మాటలు మింగే బతికాడు. నవల్లోనూ మన మాట ఒక్కటి లేకుండా ఏరేశాడు.

అయినా ముందుమాట రాయలేనన్నాను. "బాగుందని రాస్తే అబద్ధమవుతాది బావా."

"నువ్వు రాయకపోతే నా బుక్కు అచ్చవదేటి?" అంటూ కట్ట లాక్కున్నాడు. అక్క అన్నం పెట్టింది. ఆయన నా పక్కన కూర్చోలేదు.

చాలా రోజులకు ఫోన్ చేశాడు. పలకరింపు లేదు.

"ఒరే, కొడుకు సచ్చిపోతే రాచ్చసుడి తల్లి ఏటంతాది?"

"నాకేటి తెలుసు? అక్కనడుగు."

"అడిగినాను. ఏటీ అనదట. పొయ్యి ఆర్పీసి కూకుంటాదట. అదే రాసేను. ముందుమాట అప్పుడే రాసీకు, ఉండు. ఇంకా మంత్రి మిగిలిపోనాడు."