నొగ బరువు

మా మామగారు పోయారన్న కబురు నాకు బావి దగ్గర తెలిసింది. కావేరిపట్టణం వైపు ఏటి ఒడ్డున ఉన్న ఆ బావి మాది కాదు. మా ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయాక, జీపు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకుని రోజూ అక్కడికి పోయి, డ్రమ్ములకు నీళ్ళు పట్టి తెచ్చి మామిడి మొక్కలకు పోస్తున్నాం. ఆ ఉదయం డ్రమ్ములు నిండాయి. జీపుకు తగిలించే ముందు ట్రైలర్ ముందు కడ్డీని రెండు చేతులా ఎత్తి చూస్తున్నాను. బావి గలామె ఇంట్లోంచి వచ్చి, "రామ్మా, మీ ఇంటాయన ఆస్పత్రి నుంచి మాట్లాడతా ఉండాడు" అంది. ఆమె గొంతులోనే సగం తెలిసిపోయింది. అయినా పోయి, ఫోనులో ఆయన నోటితో విని, తిరిగొచ్చి, ఆ కడ్డీని మళ్ళీ మొదటి నుంచి ఎత్తి చూశాను.

తర్వాత నేను చేసిన పని మా బంధువులకు ఇప్పటికీ మింగుడు పడలేదు. నేను నేరుగా ఇంటికి పోలేదు. తోటకు పోయాను. ఏడుస్తూనే బిందెతో ముంచి ముంచి మొక్కలకు పోశాను. ముందు రోజంతా కృష్ణగిరి ఆస్పత్రిలో మామ మంచం పక్కనే ఉండిపోయాను కాబట్టి వాటికి చుక్క పడలేదు, ఆకులు వాలిపోయి ఉన్నాయి. మామ ఇంటికి చేరడానికి ఇంకా పొద్దుంది. మొక్కలకు అంత పొద్దు లేదు. కోడలికి గుండె లేదన్నవాళ్ళు అనుకోనీ. ఆ తోట ఆయనకు ఏమిటో వాళ్ళకు తెలియదు.

మా పాత తోటలో కాపు చెట్లు వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో నిలువునా ఎండిపోయాయి. కొట్టేసిన మొద్దుల నడుమ మామ మళ్ళీ అంటు మొక్కలు నాటారు. ఆ వయసులో ఎందుకని ఊరంతా నవ్వింది. చుట్టుపక్కల చేలు గలవాళ్ళు హోసూరు వైపు నుంచి కార్లలో వచ్చేవాళ్ళకు అమ్మేసి, ప్లాట్ల రాళ్ళు పాతించేసుకున్నారు. మా ఇంటాయన హోసూరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఎన్నాళ్ళుంటుందో ఆ ఫ్యాక్టరీవాళ్ళకే తెలియదు. ఈ మొక్కలు బతికితే నేల నిలుస్తుంది, చస్తే మేమూ రాళ్ళు పాతించుకోవలసిందే. ఇది రాస్తున్న నాటికి కూడా వాన లేదు. ఆకాశం మీద నాకున్న కోపం మాటల్లో పెట్టలేను.

ట్రైలర్ ముందు కడ్డీ అన్నాను గానీ, మామ దాన్ని ఎప్పుడూ నొగ అనే అనేవారు. ఎద్దుల బండికి ముందు కాడి కట్టే పొడుగాటి కొయ్య పేరు అది. ఎద్దులు పోయి జీపు వచ్చినా మాట మారలేదు, పద్ధతీ మారలేదు. బరువులో ఎక్కువ భాగం ఇరుసు మీదా, దానికి కాస్త ముందూ ఉండాలి. అట్టడుగున బరువైనవి, పైన తేలికవి. కుడీ ఎడమా సమానం. తోక వైపు ఏమీ లేకపోయినా ఫరవాలేదు. అంతా సర్దాక నొగ ఎత్తి చూడాలి. అది చేతుల్ని కిందికి లాగాలి, అలాగని మనిషి లేపలేనంత ఉండకూడదు. సులువుగా పైకి లేచిందంటే వెనక బరువు ఎక్కువైందని అర్థం, దించి మళ్ళీ సర్దాలి.

ఎందుకని ఒకసారి అడిగాను. "బండికి వెనక బరువైతే కాడి లేచిపోయి మెడతాడు ఎద్దు గొంతు పట్టేస్తాది. అది గురకపెట్టి మనకు చెప్తాది. జీపుకు గొంతు లేదు గదమ్మా, యాడ చెప్తాది? మన చేతులే అడగల్ల" అన్నారు.

నేను కాపురానికి వచ్చిన రోజున కూడా ఆ ట్రైలర్ లోనే వచ్చాయి నా సామాన్లు. తొంభైల్లో మాట అది. బాగలూరులో మా పుట్టింటి ముందు, మా మేనమామలు బీరువాను ట్రైలర్ చివరన దర్జాగా నిలబెట్టారు, దారిలో అందరికీ కనబడాలని. మామ పంచె ఎగ్గట్టి వచ్చి, దాన్ని దించి ఇరుసు మీద పడుకోబెట్టించారు. రుబ్బురోలు ముందుకు పోయింది, మిఠాయి డబ్బాలు తోకకు పోయాయి. సారె డబ్బాలు వెనక పడేశారని మా మేనమామ ఒకాయన మూతి ముడుచుకున్నాడు. మామ ఆయన్ని పట్టించుకోకుండా, పెళ్ళికూతురుగా తల వంచుకుని నిలబడ్డ నా దగ్గరకొచ్చి, "ఈ ట్రంకుపెట్టెల్లో ఏది బరువుమ్మా? సర్దింది నువ్వు గదా, నీకే తెలుస్తాది" అని అడిగారు. ఆ పెళ్ళిలో నన్ను ఒక ప్రశ్న అడిగిన మనిషి ఆయనొక్కరే. ఎర్ర పెట్టె అని చెప్పాను. అది ముందుకు పోయింది.

తూకం పిచ్చి ఆయనకు ఒంటి నిండా ఉండేది. సంతకు పోతే ఉల్లిపాయలు రెండు సంచుల్లో సమానంగా పోయించుకుని రెండు చేతులా పట్టుకుని వచ్చేవారు. ఒక్క సంచిలో పట్టే సరుకైనా సరే. పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు జీపులో ఎవరెక్కడ కూర్చోవాలో ఆయనే చెప్పేవారు, లావుపాటి చుట్టాలు అలిగేవారు. "నన్ను పక్కన పండుకోబెట్టుకున్నా మంచం ఎట్లా వంగిందో చూసుకునే మనిషి" అని మా అత్త నలుగురిలో ఎగతాళి చేస్తే, ఆయన ముసిముసిగా నవ్వి ఊరుకునేవారు. మామిడి కాలంలో మండీకి కాయలు వేసుకుని పోయేటప్పుడు ఇంకో అలవాటు. మట్టి దారిలో జీపు ఆపి, దిగి, వెనక్కి నడిచి టైర్ల గుర్తులు చూసేవారు. మా ట్రైలర్ చక్రాల వెడల్పు జీపు చక్రాలకు సరిగ్గా సరిపోతుంది. అది ఊగకుండా వస్తే దాని గుర్తులు జీపు గుర్తుల మీదే పడి, దుమ్ములో రెండే గీతలు కనిపిస్తాయి. ఊగితే నాలుగు. రెండే ఉన్నాయని చూసుకున్నాక గానీ ఆయన బీడీ వెలిగించేవారు కాదు.

జీపు నడపడం నాకు ఆయనే నేర్పారు. మా ఇంటాయన ఆదివారం గానీ ఇంటికి రారు, నీళ్ళకు రోజూ పోవాలి. కోడలి చేత జీపు తోలిస్తున్నాడని ఊళ్ళో అన్న మాటలు ఆయన చెవిన పెట్టలేదు. బావి దగ్గర నేను పైపు పట్టుకునేదాన్ని, ఆయన ఏ డ్రమ్ము ముందు నింపాలో చెప్పేవారు. మొదట ఇరుసు మీదవి, తర్వాత ముందువి, చివరికి వెనకది. ఒక్కటి కూడా సగానికి ఆపనిచ్చేవారు కాదు. నీళ్ళు డ్రమ్ములో అటూ ఇటూ కొట్టుకుంటే బరువు ఒకచోట నిలవదు.

పోయిన ఎండాకాలం ఒక రోజు మామ నొగ ఎత్తి, బరువెక్కువగా ఉందన్నారు. ఇద్దరం కలిసి ముందున్న డ్రమ్మును వంచి దొర్లించి వెనక్కి జరిపాం. మళ్ళీ ఎత్తారు. ఇంకా బరువే అన్నారు. ఇంకొకటి జరిపాం. తోక వైపు నిండిపోవడం కళ్ళకు కనిపిస్తూనే ఉంది. వెనక ఎక్కువైనట్టుంది మామా అన్నాను. "నొగ నా చేతిలో ఉండాది, నాకు తెలీదా" అని కసిరారు. ఆయన నన్ను కసరడం అదే మొదలు. జీపుకు తగిలించాం.

మా ఊరి ముందు పొడుగాటి దిగుడు ఒకటుంది. అందులోకి దిగిన కాసేపటికే ఎవరో వెనక నుంచి జీపును ఇటూ అటూ గుంజుతున్నట్టయింది. మొదట చిన్నగా, తర్వాత ఒక్కో గుంజుకూ పెద్దగా. స్టీరింగు నా చేతుల్లో ఉంది గానీ జీపు నాది కాదు. అద్దంలో ట్రైలర్ ఒక పక్క కనబడి, మాయమై, రెండో పక్క కనబడుతోంది. కింద కల్వర్టు. నాకు నా పిల్లలు గుర్తొచ్చారు. కాలు బ్రేకు మీదికి పోతుంటే మామ నెమ్మదిగా, అన్నం పెట్టమన్నంత నెమ్మదిగా, "బ్రేకు తొక్కబాకమ్మా. యాక్సిలేటరు వదిలెయ్. స్టీరింగు నేరుగా పట్టుకో, తిప్పబాక" అన్నారు. పట్టుకున్నాను. వేగం తగ్గేకొద్దీ గుంజుడు తగ్గింది. కల్వర్టుకు ఇవతలే, రోడ్డు దిగి మట్టిలో ఆగాం.

ఆయన దిగి వెనక్కి నడిచారు. మట్టిలో నాలుగు గీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ. చాలాసేపు వాటినే చూశారు. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, కొక్కెం విప్పి, నొగ ఎత్తారు. ముఖమంతా చెమట. మోకాలి దాకా వచ్చేసరికి చేతులు వణికాయి. బరువుగానే ఉంది గదా అన్నారు. నేను ఎత్తాను. ఒక్క చేత్తో లేచింది.

ఆయన నా చేతిని చూశారు. తర్వాత తన చేతుల్ని తిప్పి చూసుకున్నారు. "ఇంక నొగ నువ్వే ఎత్తమ్మా. నా చెయ్యి అబద్ధం చెప్తాంది" అన్నారు.

నాకు అంత భయం దిగుడులో కూడా వేయలేదు. నొగ బరువెక్కలేదు, ఆయన ఒంట్లో బలం పోయింది. ఎప్పటి నుంచి పోతోందో, ఎవరికీ చెప్పకుండా ఎన్నాళ్ళు మోశారో.

నిండు డ్రమ్మును మళ్ళీ ముందుకు జరిపే శక్తి ఆయనకు ఇంక లేదు, నా ఒక్కదాని వల్ల కాదు. వెనక డ్రమ్ములు పారబోయాలన్నారు. సగం పారబోస్తే చాలదా అని బతిమాలాను. కుదరదన్నారు. మూత తీసి వంచుతుంటే, ఆ నీళ్ళు అందని మొక్కలు ఏ వరుసలో ఏవో నాకు కళ్ళ ముందు కనిపిస్తున్నాయి. దారి పక్క గుడిసెల నుంచి ఒక ముసలామె వచ్చి, "ఏమప్పా, ఈ కరువులో నీళ్ళు నేలపాలు చేస్తా ఉండావే, కడుపు మండదా?" అంది. మండుతుంది తల్లీ, బిందెలు తీసుకురండి అన్నారు మామ. ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు పట్టుకుంటుంటే ఆయన రాతి మీద కూర్చుని ఏడ్చారు. నేను చూడనట్టు జీపు అవతలి పక్కకు పోయాను. ఆ రోజు నీళ్ళందని వరుసలో కొన్ని మొక్కలు మళ్ళీ చిగురించలేదు.

డాక్టర్లు కడుపులో గడ్డ అన్నారు, ముదిరిపోయింది అన్నారు. అప్పటి నుంచి ప్రతి పొద్దూ మాకు ఒకటే గండం. జీపు ఆస్పత్రికి పోవాలా, నీళ్ళకు పోవాలా? ఆయనేమో నీళ్ళకే పొమ్మనేవారు. నేను ఎటు పోయినా రెండో వైపు చచ్చిపోతున్నట్టే ఉండేది. మంచం పట్టాక మాట తగ్గిపోయింది. సాయంత్రం నేను తోట నుంచి రాగానే మాత్రం కళ్ళు తెరిచి, "నొగ ఎట్లుండాది?" అని అడిగేవారు. కిందికి లాగుతా ఉంది మామా అనేదాన్ని. కళ్ళు మూసుకునేవారు. ఆస్పత్రిలో చివరి సాయంత్రం కూడా అదే అడిగారు, పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. ఆ రోజు నీళ్ళకు పోకపోయినా అదే జవాబు చెప్పాను. విన్నారో లేదో నాకు తెలియదు, అది తెలియకపోవడం నన్ను పీక్కు తింటోంది.

మా వాళ్ళు సొంత చేలోనే పూడ్చిపెడతారు. ఆయన్ని తోటకు ఆ ట్రైలర్ లోనే తీసుకుపోవాలని మా ఇంటాయన అన్నారు. పూలు కట్టారు, పడుకోబెట్టారు. ఊరి కుర్రాళ్ళు ఆయన కదలకుండా పట్టుకోవడానికని తోక వైపు ఎక్కి కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. జీపుకు తగిలించబోతుంటే నేను అడ్డం పోయి నొగ ఎత్తాను. తేలిపోయింది. అంత మనిషి, ఇరుసు మీద బరువే లేకుండా పడుకుని ఉన్నారు.

కుర్రాళ్ళను దిగమన్నాను. పొద్దున మొక్కలకు పోయగా మిగిలి, వాకిట్లో దించి ఉంచిన నిండు డ్రమ్మును ముందు ఎక్కించమన్నాను. ఒక పెద్దాయన లేచి, శవం పక్కన నీళ్ళ డ్రమ్మేమిటి, ఆడదాని పెత్తనమేమిటి అని అరిచాడు. నేను నొగ వదల్లేదు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్న మా అత్త, "ఆ బిడ్డ చెప్పినట్ల చెయ్యండప్పా. నొగ ఆ బిడ్డ చేతిలో ఉండాది" అంది.

డ్రమ్ము ఎక్కింది. మళ్ళీ ఎత్తాను. చేతుల్ని కిందికి లాగింది. "కిందికి లాగుతా ఉంది మామా" అన్నాను, అందరూ వింటుండగానే.

ఆడవాళ్ళు ఇల్లు దాటి రాకూడదన్నారు. డప్పులు, నిప్పుకుండతో మా ఇంటాయన, నడిచేవాళ్ళంతా ముందు పోయారు, వెనక జీపు మెల్లగా కదిలింది. అది మలుపు తిరిగి కనబడకుండా పోయాక నేను వీధి చివరి దాకా పోయి నిలబడ్డాను. దుమ్ములో తోట వైపు రెండే గీతలు ఉన్నాయి.